ఐస్ హాకీ క్రీడాకారుల జీవితాల నుంచి క్విజ్ ప్రశ్నలు తయారుచేయడం ఎలా

తెలుగునాట హాకీ అనగానే పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తారు. అయితే డల్లాస్ శివారులోని ఫ్రిస్కోలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు హాకీ అంటే మంచు రింక్ మీద ఆడే ఆటే, ఎందుకంటే డల్లాస్ స్టార్స్ జట్టు ప్రధాన కార్యాలయమూ, సాధన చేసే రింకూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. టొరంటో చుట్టుపక్కలా, న్యూజెర్సీలోనూ పెరుగుతున్న పిల్లలకు కూడా ఈ ఆట పరిచయమే. ఇలాంటి కుటుంబాలు కలిసినప్పుడు నిర్వహించే క్విజ్‌లో ఐస్ హాకీ విభాగం పెట్టాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. వృత్తి క్రీడాకారుల జీవితాల మీద ప్రశ్నలు ఎలా తయారుచేసుకోవాలో ఇందులో చెబుతాను. నా దృష్టిలో మంచి ప్రశ్నకు రెండు లక్షణాలు ఉండాలి: జవాబు తెలియనివారు కూడా ఆలోచిస్తే దాని దగ్గరికి చేరగలగాలి, జవాబు తెలిసినవారికి వాదించడానికి చోటు ఉండకూడదు.

ముందుగా రెండో లక్షణం సంగతి చూద్దాం, ఎందుకంటే క్విజ్‌లో గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. “వృత్తి జీవితంలో అత్యధిక గోల్స్ చేసినది ఎవరు?” అని అడిగారనుకోండి. నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లలో వేన్ గ్రెట్స్కీ 894 గోల్స్ చేశాడు, గోర్డీ హో 801 చేశాడు. కానీ 1970లలో ఎన్‌హెచ్‌ఎల్‌కు పోటీగా వరల్డ్ హాకీ అసోసియేషన్ అనే మరో వృత్తి లీగ్ నడిచింది. అందులో హో 174 గోల్స్, గ్రెట్స్కీ 46 గోల్స్ చేశారు. రెండు లీగ్‌లనూ కలిపితే హో 975కు చేరతాడు, గ్రెట్స్కీ 940 దగ్గర ఆగుతాడు. అంటే ఆ ప్రశ్న వేసినవారు మనసులో పెట్టుకున్న జవాబు తలకిందులవుతుంది. క్రికెట్‌లో టెస్టు పరుగులనూ, ఫస్ట్‌క్లాస్ పరుగులనూ మనం ఎలా వేరుచేసి చెబుతామో, ఇక్కడ కూడా ఏ లీగ్, రెగ్యులర్ సీజన్ మాత్రమేనా, దాని తరువాత కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్ కూడా కలిపా అన్నది ప్రశ్నలోనే చెప్పి తీరాలి. గ్రెట్స్కీ ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో చేసిన 122 గోల్స్‌ను చేర్చారా లేదా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారిపోతుంది.

లీగ్ తరువాత తేదీ. ఎన్‌హెచ్‌ఎల్ రెగ్యులర్ సీజన్ గోల్స్‌లో గ్రెట్స్కీ పేరే సరైన జవాబుగా చాలా ఏళ్లు నిలిచింది. 2025 ఏప్రిల్ 6న వాషింగ్టన్ క్యాపిటల్స్ ఆటగాడు అలెగ్జాండర్ ఒవెచ్కిన్ న్యూయార్క్ ఐలాండర్స్ మీద తన 895వ గోల్ చేయడంతో పాత ప్రశ్నపత్రాలలోని ఆ జవాబు తప్పైపోయింది. అందుచేత రికార్డు ఎవరి పేరున ఉందని అడగడంకంటే, “2025 ఏప్రిల్‌లో గ్రెట్స్కీ 894 గోల్స్ రికార్డును దాటినది ఎవరు?” అని జరిగిపోయిన ఘటనను అడగడం మేలు. రికార్డు చేతులు మారవచ్చు గాని, జరిగిన ఘటన మారదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యధిక మ్యాచ్‌ల విషయంలోనూ ఇంతే. హో ఆడిన 1767 మ్యాచ్‌ల రికార్డును 2021 ఏప్రిల్‌లో పాట్రిక్ మార్లో దాటి, చివరకు 1779 వద్ద ఆగాడు.

ఇక ప్రశ్నను పుట్టించే పద్ధతి. చాలామంది రికార్డుల పట్టిక ముందు పెట్టుకుని అంకెలను ప్రశ్నలుగా మారుస్తారు. అలా తయారైన ప్రశ్న జ్ఞాపకశక్తిని మాత్రమే పరీక్షిస్తుంది. దానికి బదులుగా ఒక ఆటగాడిని ఎంచుకుని, అతడు పుట్టిన ఊరు, డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ఎన్నో స్థానంలో ఎంపికయ్యాడు, తొలి జట్టు, ట్రేడ్‌లు (ఒక జట్టు నుంచి మరో జట్టుకు మార్పిడులు), గాయాలు, జెర్సీ సంఖ్య, గెలిచిన స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే కప్పు), చివరి జట్టు ఒక కాగితం మీద రాసుకోండి. అందులో ఏ రెండు విషయాలు కలిస్తే ఆశ్చర్యం కలుగుతుందో వెతకండి. ప్రశ్న అక్కడ దొరుకుతుంది.

ఉదాహరణకు ఐస్ హాకీలో పాయింట్ అంటే గోల్ గాని, అసిస్ట్ (సహచరుడి గోల్‌కు దారితీసిన పాస్) గాని. ఒక గోల్‌కు ఇద్దరి వరకు అసిస్ట్ దక్కవచ్చు. గ్రెట్స్కీ అసిస్ట్‌లు 1963. మొత్తం పాయింట్లలో అతడి తరువాతి స్థానంలో ఉన్న చెక్ ఆటగాడు యారొమీర్ యాగర్‌కు గోల్స్, అసిస్ట్‌లు అన్నీ కలిపి 1921. కాబట్టి “తాను చేసిన గోల్స్ అన్నీ తీసేసినా ఎన్‌హెచ్‌ఎల్ పాయింట్లలో మొదటి స్థానంలోనే ఉండే ఆటగాడు ఎవరు?” అని అడిగితే, ఆట తెలియనివారికి కూడా ఆ మనిషి ఎంత ఎత్తున ఉన్నాడో అర్థమవుతుంది. అదే గ్రెట్స్కీ తొలి ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ 1979–80లో మరింత లోతైన ప్రశ్న ఉంది. ఆ ఏడాది అతడూ, లాస్ ఏంజెలెస్ కింగ్స్ ఆటగాడు మార్సెల్ డియోనూ చెరి 137 పాయింట్లు సాధించారు. అయినా అత్యధిక పాయింట్లకు ఇచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ డియోనుకే వెళ్లింది, ఎందుకంటే అతడి గోల్స్ 53, గ్రెట్స్కీవి 51. ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ కూడా గ్రెట్స్కీకి దక్కలేదు. అంతకు ముందే మరో వృత్తి లీగ్‌లో ఆడినందున అతణ్ని కొత్తవాడిగా పరిగణించలేదు. లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ మాత్రం అతడికే వచ్చింది. “ఈ మూడు ట్రోఫీలలో 1980లో గ్రెట్స్కీ గెలుచుకున్నది ఏది?” అంటే, వినేవారు మూడింటి నియమాలనూ తర్కించవలసి వస్తుంది.

కాల్డర్ ట్రోఫీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1990లో దాన్ని కాల్గరీ ఫ్లేమ్స్ తరఫున ఆడిన సోవియట్ దిగ్గజం సెర్గేయ్ మకారొవ్ గెలిచినప్పుడు అతడికి 31 ఏళ్లు. ఆ తరువాత 26 ఏళ్లు నిండినవారు ఆ బహుమతికి అర్హులు కారని నియమం మార్చారు. ఒక మనిషి కారణంగా నియమమే మారిన సందర్భాలు క్విజ్‌కు బంగారు గనులు, ఎక్కడ కనిపించినా రాసి పెట్టుకోండి.

సూచనలను మెట్లుగా పేర్చడం మరో పద్ధతి. కష్టమైన సూచనతో మొదలుపెట్టి, సులువైన దానితో ముగించాలి. ముందుగా చెప్పగలిగినవారికి ఎక్కువ మార్కులు ఇవ్వాలి. గోర్డీ హో మీద నేను ఇలా రాస్తాను: “ఈ ఆటగాడు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ తరఫున పాతికేళ్లు ఆడి 1971లో విరమించుకున్నాడు. రెండేళ్ల తరువాత హ్యూస్టన్ ఏరోస్ జట్టులో మళ్లీ స్టిక్ పట్టాడు. ఆ జట్టులో అతడి ఇద్దరు కొడుకులు, మార్టీ, మార్క్, సహచరులుగా ఉన్నారు. 52 ఏళ్ల వయసులో హార్ట్‌ఫర్డ్ వేలర్స్ తరఫున తన చివరి ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ ముగించాడు. ‘మిస్టర్ హాకీ’ అని పిలిచేది ఎవరిని?” ఇందులో ప్రతి సూచనా ముందుదానికంటే తలుపును మరికొంత తెరుస్తుంది. తండ్రీ కొడుకులు ఒకే జట్టులో ఆడారన్న మాట దగ్గర పెద్దవారు కూడా చెవి ఒగ్గి వినడం ఖాయం.

జెర్సీ సంఖ్యలు పిల్లలకు బాగా నచ్చుతాయి, పైగా ఊహించడానికి వీలిస్తాయి. యాగర్ 68 ధరించినది 1968లో చెకొస్లొవాకియాలో జరిగిన ప్రాగ్ వసంతాన్ని, ఆ దేశంలోకి వచ్చిన సోవియట్ సైన్యాలను గుర్తుంచుకోవడానికి. సిడ్నీ క్రాస్బీ 1987 ఆగస్టు 7న పుట్టాడు, అతడి సంఖ్య 87. గ్రెట్స్కీ తన ఆరాధ్యుడైన హో ధరించిన 9 కావాలనుకున్నాడు, జూనియర్ జట్టులో అది వేరొకరి దగ్గర ఉండటంతో 99కి మారాడు.

“మొట్టమొదటి” అనే మాట విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ముఖానికి పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తగిలి గాయపడ్డ మాంట్రియల్ గోలీ (గోల్ కాపాడే ఆటగాడు) జాక్ ప్లాంట్, కుట్లు వేయించుకుని ముసుగు ధరించి తిరిగి వచ్చాడు. అతడే తొలి ముసుగు గోలీ అని ఎన్నో చోట్ల రాస్తారు. కాని 1930లోనే క్లింట్ బెనెడిక్ట్ అనే గోలీ కొన్ని మ్యాచ్‌లలో తోలు ముసుగు వాడాడు. ప్లాంట్ ఘనత దాన్ని ప్రతి మ్యాచ్‌లోనూ ధరించే అలవాటుగా మార్చడంలో ఉంది, ప్రశ్నలో ఆ మాటే రాయాలి. 1992లో టాంపా బే లైట్నింగ్ తరఫున గోల్ కాపాడిన మనాన్ రెయోమ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకు ఆడిన తొలి మహిళ అన్నది నిజమే, అయితే అది సీజన్‌కు ముందు జరిగిన ప్రదర్శన మ్యాచ్ అని చెప్పకపోతే వాక్యం సగమే నిజం అవుతుంది. 1958 జనవరి 18న బోస్టన్ బ్రూయిన్స్ తరఫున బరిలోకి దిగిన విల్లీ ఓ’రీ ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి నల్లజాతి ఆటగాడు అన్నది మాత్రం నిస్సందేహమైన జవాబు. అతడికి అప్పటికే కుడి కన్ను కనిపించదు. ఆ సంగతి జట్టుకు తెలియనివ్వకుండానే ఆడాడు.

జట్లు నగరాలు మారడం మరో చిక్కు. 1992–93లో తన తొలి సీజన్‌లోనే 76 గోల్స్ చేసిన ఫిన్లండ్ ఆటగాడు టేము సెలన్నె ఆడినది విన్నిపెగ్ జెట్స్‌కు. అయితే ఆ జట్టు 1996లో ఫీనిక్స్‌కు తరలిపోయింది. ఇప్పుడు విన్నిపెగ్‌లో ఉన్న జెట్స్ 2011లో అట్లాంటా నుంచి వచ్చిన వేరే జట్టు. ఇలాంటి చోట ప్రశ్నలో సంవత్సరం తప్పనిసరి. డల్లాస్ తెలుగువారికైతే మైక్ మొడానో ప్రశ్న అడగండి: 1988 డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా మిన్నెసోటా నార్త్ స్టార్స్‌కు ఎంపికై, ఏ ట్రేడూ లేకుండానే 1993లో డల్లాస్ ఆటగాడు అయ్యాడు, అదెలా? జట్టే తరలి వచ్చింది. 1999లో స్టాన్లీ కప్ గెలిచిన డల్లాస్ జట్టులో అతడూ ఉన్నాడు.

వ్యాధులు, ప్రమాదాల గురించి అడగవలసి వచ్చినప్పుడు మర్యాద తప్పకూడదు. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఆటగాడు మారియో లెమ్యూకు 1993 జనవరిలో హాజ్‌కిన్స్ లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. మార్చి 2న చివరి రేడియేషన్ చికిత్స తీసుకుని, అదే రాత్రి ఫిలడెల్ఫియాలో ఆడి ఒక గోల్, ఒక అసిస్ట్ సాధించాడు. ఆ సీజన్‌లో 60 మ్యాచ్‌లే ఆడినా 160 పాయింట్లతో ఆర్ట్ రాస్ ట్రోఫీ గెలిచాడు. ఇక్కడ అతడికి వచ్చిన జబ్బు ఏది అని అడగడం నాకు సరిగా అనిపించదు. జబ్బు సంగతిని ప్రశ్నలోనే చెప్పేసి, ఆ సీజన్‌లో అతడు గెలిచిన ట్రోఫీని జవాబుగా అడగాలి. వినేవారు ఆ మనిషి పట్టుదలను తలచుకుంటూ జవాబు వెతుకుతారు.

తెలుగులో చదివి వినిపించేవారు ఉచ్చారణ విషయంలో ముందే సిద్ధపడాలి. ఫ్రెంచ్ కెనడియన్ పేర్లు, చెక్ పేర్లు ఇంగ్లీషు అక్షరాలను చూసి పలికితే గుర్తుపట్టలేనట్లు మారిపోతాయి. ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ ట్రోఫీని 1986, 1993, 2001లలో మూడుసార్లు గెలిచిన గోలీ పేరు పాట్రిక్ రువా. “రాయ్” అని చదివితే మనవాళ్లు బెంగాలీ అనుకుంటారు. 1944–45లో 50 మ్యాచ్‌లలో 50 గోల్స్ చేసిన మొరీస్ ఇంటిపేరు రిషార్, రిచర్డ్ కాదు. పేరు పక్కనే తెలుగు లిపిలో ఉచ్చారణ రాసి ఉంచుకోండి.

ప్రతి జవాబునూ కనీసం రెండు చోట్ల సరిచూసుకోవాలి, వాటిలో ఒకటి లీగ్ అధికారిక రికార్డులు కావాలి. పది పన్నెండు ప్రశ్నలు ఒక విభాగానికి సరిపోతాయి. రెండు మూడు అందరికీ తెలిసినవి, ఒకటి రెండు చాలా కష్టమైనవి, మిగిలినవి ఆలోచిస్తే అందేవి ఉండాలి. అంకెనే జవాబుగా కోరే ప్రశ్న ఒకటి మించి వద్దు.

చివరి ప్రశ్నగా నేను భారతీయ మూలాలున్న ఆటగాళ్ల మీద అడుగుతాను. బ్రిటిష్ కొలంబియాలోని డంకన్‌లో పుట్టిన పంజాబీ బిడ్డ రాబిన్ బావా 1989–90 సీజన్‌లో వాషింగ్టన్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. ఆ లీగ్‌లో ఆడిన తొలి భారతీయ సంతతి ఆటగాడు అతడే. తరువాత 1998 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ ఏడో స్థానంలో ఎంపిక చేసిన మానీ మల్హోత్రా 991 మ్యాచ్‌లు ఆడాడు. 2011 మార్చిలో వాంకూవర్ తరఫున ఆడుతూ కంటికి తీవ్రమైన గాయమైనా, అదే ఏడాది స్టాన్లీ కప్ ఫైనల్స్‌కు తిరిగి వచ్చాడు. “ఎన్‌హెచ్‌ఎల్‌లో వెయ్యి మ్యాచ్‌లకు తొమ్మిది మ్యాచ్‌ల దూరంలో ఆగిన ఈ భారతీయ సంతతి ఆటగాడు ఎవరు?” అని అడిగి, జవాబు వచ్చాక బావా కథ కూడా రెండు వాక్యాలలో చెప్పండి, ఆ గదిలో కూర్చున్న పిల్లలలో వారానికి మూడు రోజులు తెల్లవారకముందే రింక్‌కు వెళ్లేవారు ఒకరిద్దరు ఉండవచ్చు.