డెంగీలో జ్వరం దిగాక 2 రోజులు ఏం గమనించాలి

డెంగీ అనగానే ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్లు ఎన్ని అని టెన్షన్ పడతాం. కానీ ఎక్కువగా ప్రాణం మీదకు తెచ్చేది సన్నటి రక్తనాళాలు లీకవడం. వైరస్ వదిలే ఎన్ఎస్1 అనే ప్రొటీన్ నాళాల లోపలి పూతను దెబ్బతీస్తుంది, వైరస్‌తో పోరాడుతూ మన ఒంట్లో విడుదలయ్యే రసాయనాలు కూడా గోడల్లో సందులు పెంచుతాయి, దాంతో రక్తంలోని ప్లాస్మా (నీరులాంటి భాగం) కడుపులోకీ ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, లీకు ఎక్కువైతే బీపీ పడిపోతుంది.

ఈ లీకు సాధారణంగా జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య, సరిగ్గా జ్వరం దిగేటప్పుడు మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అందుకే జ్వరం మొదలైన తేదీ రాసిపెట్టుకోండి, ఒళ్లు చల్లబడింది కదా అని పిల్లల్ని స్కూలుకి పంపేయకండి, మీరూ పనిలోకి దిగకండి.

రక్తపరీక్ష రిపోర్టులో ప్లేట్‌లెట్లతో పాటు పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పేది, హెమటోక్రిట్ అని కూడా రాస్తారు) కూడా చూడండి. మొన్న 36 ఉన్నది ఇవాళ 44 అయిందంటే 20 శాతం పైనే పెరిగినట్టు, రక్తం చిక్కబడుతోందన్నమాట, ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నా వెంటనే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఇంట్లో ఇంకొకటి చేయొచ్చు: చేతిని గుండె ఎత్తులో పెట్టి గోరు తెల్లబడేదాకా నొక్కి వదలండి, 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమైనా, చేతులు కాళ్లు చల్లగా ఉన్నా, 6 గంటలుగా మూత్రం రాకపోయినా ఆగొద్దు. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఆయాసం, మగతగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకుపడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లండి, రేపటి రిపోర్టు కోసం కూర్చోకండి.

తాగగలిగితే ఓఆర్ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు, గంజి కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండండి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి కాబట్టి వద్దు (గుండె కోసం ఆస్పిరిన్ రోజూ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకుండా డాక్టర్‌ని అడగండి). బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యం చేయకండి. నీరసంగా ఉందని ఇంటి దగ్గర సెలైన్ కూడా ఎక్కించుకోకండి, ఎందుకంటే లీకు ఆగాక బయటికి పోయిన ప్లాస్మా మళ్లీ నాళాల్లోకి వస్తుంది, అప్పుడు సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది.