పిల్లల ఫోన్‌లో బ్రౌజింగ్: క్రోమ్‌కి తాళం వేస్తే సరిపోదు

పిల్లల ఫోన్‌లో క్రోమ్‌కి కట్టడి పెట్టేసి ఇక పనైపోయిందనుకుంటారు చాలామంది. వీధి తలుపు గడియ పెట్టి పెరటి తలుపు బార్లా తీసి ఉంచినట్టే అది. రెండో బ్రౌజరూ, వీపీఎన్ యాపూ (నెట్‌ని వేరే సర్వర్ గుండా మళ్లించి కట్టడి దాటించేది), చాట్‌లో వచ్చిన లింకూ అన్నీ పెరటి తలుపులే. అందుకే ముందు ఖాతా, తర్వాత బ్రౌజరు, ఆ తర్వాత డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే దాని నెట్ చిరునామా వెతికిచ్చే సేవ), ఈ వరుసలో వెళ్లండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీ జీమెయిల్‌తోనే లాగిన్ చేసి పిల్లల చేతికిస్తే, పిల్లల ఖాతాకుండే అదుపులేవీ దానికి రావు. అసలు పుట్టినతేదీతో వాళ్లకి విడిగా గూగుల్ ఖాతా తెరవండి. వయసు పెంచి రాస్తే పెద్దవాళ్ల ఖాతా అయి కూర్చుంటుంది. మీ ఫోన్‌లో, పిల్లల ఖాతాను అదుపు చేసే గూగుల్ యాప్ ‘ఫ్యామిలీ లింక్’ వేసుకుని ఆ ఖాతాను కలపండి. పిల్లల పేరు నొక్కి ‘కంట్రోల్స్’లోకి వెళ్తే ‘గూగుల్ క్రోమ్ అండ్ వెబ్’ అని ఉంటుంది. అందులో మూడు రకాలున్నాయి: అన్ని సైట్లూ తెరుచుకోనివ్వడం, అశ్లీల సైట్లను ఆపేందుకు ప్రయత్నించడం, మీరు ఒప్పుకున్న సైట్లే తెరవనివ్వడం. రెండోదాని పేరులోనే ‘ట్రై’ అన్న మాట ఉంది, గమనించండి. గూగులే గ్యారంటీ ఇవ్వడం లేదు.

ఎనిమిది, తొమ్మిదేళ్ల లోపువాళ్లకి మూడోదే మంచిది. దాంతో మొదటి వారం మీకు కాస్త విసుగు తప్పదు. స్కూలు పోర్టల్ అడ్రస్ ఒప్పుకుంటారు, లాగిన్ నొక్కగానే అది వేరే అడ్రస్‌కి వెళ్లి అక్కడ ఆగిపోతుంది. సైట్ చెడిపోయిందనుకుని కట్టడి మొత్తం ఎత్తేయకండి. ఆగిన పేజీలో పైనున్న అడ్రస్ చూసి, దాన్ని కూడా జాబితాలో చేర్చండి. చిరునామా పరిచయం లేనిదైతే ఒకసారి మీ ఫోన్‌లో తెరిచి చూశాకే ఒప్పుకోండి.

ఈ సెట్టింగ్ పనిచేసేది క్రోమ్‌లో మాత్రమే. ఇంకో బ్రౌజర్ వేసుకుంటే అందులో ఈ జాబితా ఉండదు. కాబట్టి ప్లే స్టోర్‌లో ప్రతి యాప్‌కీ మీ అనుమతి తప్పనిసరి చేసి, ఫోన్‌తో పాటే వచ్చిన ఇతర బ్రౌజర్లను ఫ్యామిలీ లింక్‌లోనే బ్లాక్ చేయండి. కొన్ని చాట్ యాప్‌లు లింకుల్ని తమలోనే తెరిచేస్తాయి, అక్కడ క్రోమ్ జాబితా చెల్లకపోవచ్చు. ఆ సందును డీఎన్ఎస్ కొంత పూడుస్తుంది.

ఆండ్రాయిడ్ 9 నుంచీ సెట్టింగ్స్‌లో, నెట్‌వర్క్ విభాగం కింద ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ ఉంది. హోస్ట్‌నేమ్ గడిలో ‘ఫ్యామిలీ’, చుక్క, ‘క్లౌడ్‌ఫ్లేర్’, అడ్డగీత, ‘డీఎన్ఎస్’, చుక్క, ‘కామ్’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఇది అశ్లీల సైట్లను వడపోసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ డీఎన్ఎస్. ఒక్క అక్షరం తప్పినా నెట్ మొత్తం ఆగిపోతుంది. నెట్ పోయిందంటే ముందు చూడాల్సింది ఈ గడినే. రౌటర్‌లో పెట్టే ఫిల్టర్ ఇంటి వైఫై దాటితే పనికిరాదు, ఇది మొబైల్ డేటాలోనూ వెంట ఉంటుంది. అయితే డీఎన్ఎస్‌కి తెలిసేది సైట్ పేరు ఒక్కటే. అనుమతి ఉన్న సైట్‌లోని ఒక వీడియోనో ఫొటోనో అది ఆపలేదు. పైగా పిల్లలు దీన్ని మార్చేయగలరు, వీపీఎన్ ఆన్ చేస్తే దాటేయగలరు. అప్పుడప్పుడూ ఆ గడిలో ఏముందో చూస్తూ ఉండండి.

ఐఫోన్‌లో పని కాస్త తేలిక. ‘స్క్రీన్ టైమ్’లో ‘కంటెంట్ అండ్ ప్రైవసీ రెస్ట్రిక్షన్స్’ ఆన్ చేసి, ‘వెబ్ కంటెంట్’ దగ్గర ‘లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్’ ఎంచుకోండి. మధ్యలో వచ్చే మెనూ పేరు వెర్షన్‌ని బట్టి మారుతుంది. సెట్టింగ్ పట్టిందో లేదో సఫారీయే చెబుతుంది: ప్రైవేట్ ట్యాబ్ మాయమవ్వాలి. కనిపిస్తోందంటే ఎక్కడో తప్పు జరిగిందనే. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ పెట్టేటప్పుడు, మరిచిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఆపిల్ ఖాతా అడుగుతుంది. అక్కడ మీదే ఇవ్వండి. పిల్లల ఖాతా ఇస్తే పాస్‌కోడ్‌ని వాళ్లే మార్చేసుకుంటారు. ఫోన్ తెరిచే పాస్‌కోడ్‌నే ఇక్కడా వాడకండి.

కనబడకుండా నిఘా పెట్టే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అలాంటివి ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడిగి, తెర మీది ప్రతిదాన్నీ చదువుతాయి. పిల్లల పాస్‌వర్డ్‌లు ఎవరి సర్వర్‌కి చేరుతున్నాయో మీకు తెలిసే దారి ఉండదు.

అంతా పెట్టాక పిల్లల ఎదుటే ఫోన్ తీసుకుని పరీక్షించండి. ఇన్‌కాగ్నిటో (చూసినవి హిస్టరీలో మిగలని క్రోమ్ ట్యాబ్) తెరుచుకుంటోందా? కొత్త బ్రౌజర్ డౌన్‌లోడ్‌కి మీ ఫోన్‌కి అనుమతి అడుగుతోందా? వైఫై ఆపి మొబైల్ డేటాలో నిషేధించిన సైట్ కొట్టి చూడండి, అదే లింక్‌ని చాట్‌లో పంపి నొక్కండి. ఎందుకు చేస్తున్నారో అప్పుడే చెప్పేయండి. సైట్ కావాలని పిల్లలు పంపే అనుమతి మెసేజ్‌కి అదేరోజు జవాబివ్వండి. రెండు రోజులు నానబెడితే స్నేహితుడి ఫోన్‌లో చూసేస్తారు.