విదేశీ సేవకు పిల్లల్ని పంపే సంఘాలు ముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు

ఒకప్పుడు ఈ జిల్లాలకు బయటి నుంచి సేవకులు వచ్చేవాళ్లు. 1903లో తిరునెల్వేలిలో పుట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ తొలినాళ్లలోనే డోర్నకల్ ప్రాంతానికి మనుషుల్ని పంపింది. ఇప్పుడు పంపే పని మనదైంది. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి నేపాల్‌కు, ఆఫ్రికా దేశాలకు, పాపువా న్యూగినీకి, యూరప్‌కు సేవకు పోయేవాళ్లున్నారు. వాళ్లలో ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలకు తరచూ అదే మొదటి విమానం.

పంపే ఆదివారం కూడిక ఘనంగానే జరుగుతుంది. తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు, కానుక కవరు చేతిలో పెడతారు, ఎయిర్‌పోర్టు దాకా రెండు బండ్లు కదులుతాయి. ఇన్సూరెన్స్ పాలసీ నంబరు ఎవరి ఫోన్‌లో ఉందని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "దేవుడే చూసుకుంటాడు" అనేది విశ్వాసం, దాన్ని ఏర్పాటు కింద లెక్కేయొద్దు. పిల్లల భద్రతలో ఎక్కువ భాగం వాళ్లు శంషాబాద్ చేరకముందే, ఇక్కడి కమిటీ గదిలోనే తేలిపోతుంది.

మిషనరీకి ప్రమాదం అనగానే ఇంట్లోవాళ్లకు తుపాకులు, కిడ్నాపులు గుర్తొస్తాయి. రోజువారీగా మీదికొచ్చేవి వేరే: మోటార్‌సైకిల్ టాక్సీ, దోమ, తలుపులన్నీ మూసిన గదిలో గ్యాస్ హీటరు, పనికి సరిపడని వీసా. అందుకే వీసాతో మొదలుపెడదాం.

వీసా, అక్కడి చట్టం

టూరిస్టు వీసా మీద సేవ చేయకూడదు. మన జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ కష్టాలు చాలావరకు విజిట్ వీసాతోనే మొదలైన సంగతి ప్రతి ఊరికీ తెలుసు. మతసేవకులకు కూడా అదే వర్తిస్తుంది. చాలా దేశాల్లో ఈ పనికి ప్రత్యేక వీసా ఉంటుంది. ఉదాహరణకు అమెరికాకు ఆర్-1 వీసా. దానికి అక్కడి సంఘమే ముందు పిటిషన్ వేయాలి, మొదట 30 నెలల వరకు ఇస్తారు, మొత్తం ఐదేళ్లు దాటదు. "ముందు రండి, తర్వాత చూద్దాం" అని పిలిచే సంఘానికి మనిషిని పంపొద్దు.

నేపాల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడికి మనకు వీసా అక్కర్లేదు. కాజీపేటలో రైలెక్కి గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి దగ్గర సరిహద్దు దాటేయొచ్చు. దాటడం తేలిక కాబట్టి పని కూడా తేలికేనని అనుకుంటారు. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న నేపాల్ క్రిమినల్ కోడ్ 158వ సెక్షన్ ప్రకారం ఒకరి మతం మార్పించడం, అందుకు ప్రోత్సహించడం నేరం. ఐదేళ్ల వరకు జైలు, 50 వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా ఉంటాయి. విదేశీయుడైతే శిక్ష పూర్తయ్యాక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపించేస్తారు. కరపత్రాల కట్ట సంచిలో పెట్టుకుని బస్సెక్కే కుర్రాడికి ఇది ముందే తెలియాలి. ఎమిరేట్స్‌లో అనుమతి పొందిన చర్చిలున్నాయి, లోపల ఆరాధన చేసుకోవచ్చు. ముస్లింలకు సువార్త ప్రకటించడం మాత్రం అక్కడ నేరం. పోయే దేశంలో ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు అన్నది ఒక పేజీలో తెలుగులో రాసి, చదివించి, సంతకం తీసుకోండి. ఆ సంతకం మిమ్మల్ని కాపాడుకోవడానికి అనుకోవద్దు. రాతలో ఉంటేనే పిల్లలు దాన్ని సీరియస్‌గా తీసుకుంటారు.

పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు ఉండాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. అక్కడి పాస్టరుగారైనా, హాస్టల్ యజమాని అయినా "భద్రంగా పెడతాను" అని తీసుకుని దాచిపెట్టుకోవడానికి వీల్లేదు. పాస్‌పోర్టు పోగొట్టుకుంటే ముందు పోలీసు ఫిర్యాదు, ఆ కాపీతో మన ఎంబసీకి పోవాలి. అత్యవసరమైతే ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. దిగిన వారంలోనే ఎంబసీలో పేరు నమోదు చేయించాలి. కష్టం వస్తే ఇంటివాళ్లు ఇక్కడి నుంచే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి పాస్‌పోర్టు వివరాలు కావాలి కాబట్టి మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ కాపీలు ఇంట్లో ఒక సెట్టు, సంఘంలో ఒక సెట్టు ఉంచుకోండి.

టీకాలు, మందులు

బయల్దేరడానికి రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. హెపటైటిస్ బి లాంటి టీకాలు విడతలుగా వేస్తారు, చివరి వారంలో కుదరదు. ఆఫ్రికాలోని చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఇది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. అసలు పాస్‌పోర్టు తీసుకుపోవాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, సర్టిఫికెట్ పదో రోజు నుంచే చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం పనికొస్తుంది. ఆ సర్టిఫికెట్ ఉండే పసుపు కార్డు పోగొట్టుకుంటే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

ఆఫ్రికా మలేరియాను మన ఊరి చలిజ్వరంతో సమానంగా చూడొద్దు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన రకం. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే మెదడుకు ఎక్కుతుంది. నివారణ మాత్ర ఏదనేది డాక్టరు రాయాలి. డాక్సీసైక్లిన్ అయితే పోవడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ వేసుకుని, ఆ ప్రాంతం వదిలాక ఇంకో నాలుగు వారాలు కొనసాగించాలి. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండవుతుంది. ఈ మాత్ర వాడుతుంటే ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. పిల్లలు మధ్యలో మాత్ర మానేసేది ఈ రెండింటి వల్లే, ముందే చెబితే మానరు. మందు పూసిన దోమతెర కట్టుకోవాలి. జ్వరం వస్తే ఇరవై నాలుగు గంటల్లో రక్తపరీక్ష జరగాలి. పారాసిటమాల్ వేసుకుని ప్రార్థన కూడికకు పోవడం ఉండదు.

కుక్క కరిస్తే పుండును పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు పోవాలి. ఇది ఇక్కడా అక్కడా ఒకటే.

ఇన్సూరెన్స్

మన ట్రావెల్ పాలసీలు ఒక ట్రిప్పుకు సాధారణంగా 180 రోజుల వరకే ఇస్తాయి. రెండేళ్ల సేవకు అవి చాలవు, అక్కడి ఆరోగ్య బీమా గానీ దీర్ఘకాలపు పాలసీ గానీ తీసుకోవాలి. కొనేముందు నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి: వేరే దేశానికి వైద్యం కోసం తరలించే ఖర్చు ఉందా, మరణిస్తే భౌతికకాయం తెప్పించే ఖర్చు ఉందా, యుద్ధం, అల్లర్ల మినహాయింపు ఎలా రాశారు, టూవీలర్ ప్రమాదానికి షరతులేమిటి. ఆఖరిది ఎక్కువ కొంప ముంచుతుంది. లైసెన్సు లేకుండా, హెల్మెట్ లేకుండా నడిపితే క్లెయిమ్ తిరస్కరించే పాలసీలే ఎక్కువ.

రోడ్డు, గది

బండి నడపాల్సిన పని ఉంటే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. కెన్యా, ఉగాండా, నేపాల్, పాపువా న్యూగినీల్లో మనలాగే ఎడమ వైపు నడుపుతారు. రువాండా, జర్మనీ, ఇటలీ, ఫిలిప్పీన్స్‌లో కుడి వైపు. కుడి వైపు దేశంలో రోడ్డు దాటేవాడు అలవాటు కొద్దీ ముందు కుడికి చూస్తాడు, బండి ఎడమ నుంచి వస్తుంది. మొదటి నెల బండి ముట్టనివ్వకుండా ఉండటమే మంచిది. ఉగాండా, కెన్యాల్లో బోడాబోడా అనే బైకు టాక్సీలు తప్పకపోతే సొంత హెల్మెట్ పెట్టుకుని, ఒక బైకు మీద ఒక్కరే ఎక్కాలి. చీకటి పడ్డాక ఊరు దాటే ప్రయాణం వద్దు. రాత్రి సభ ఉంటే అక్కడే పడుకునే ఏర్పాటు చేయమని ముందే అడగాలి.

చలి దేశం సంగతి మనవాళ్లకు బొత్తిగా తెలియదు. ఎండాకాలం 45 డిగ్రీలు చూసిన పిల్లలు ఖాట్మండు జనవరిలో కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, కుంపటో గ్యాస్ హీటరో వెలిగించి పడుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మత్తు, ఆపైన లేవలేరు. ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి పోతే తగ్గుతుంటే అది ఫ్లూ కాదు. బాత్రూంలో గ్యాస్ గీజరు ఉన్నా ఇదే ప్రమాదం. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టెలో వేసి పంపండి, పడకగది దగ్గర పెట్టించండి. మోగితే ముందు బయటికి రావాలి, ఫోన్ బయటి నుంచే.

ఇద్దరిద్దరు, వారానికి రెండు ఫోన్లు

శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినట్టు మార్కు ఆరో అధ్యాయంలో ఉంది. ఇళ్ల దర్శనానికి, మార్కెట్‌కు, బ్యాంకుకు ఇప్పటికీ అదే పద్ధతి. అక్కడి చిన్నపిల్లలతో గదిలో సేవకుడు ఒక్కడే ఉండకూడదు. ఇది ఆ చిన్నపిల్లలకూ రక్షణే, సేవకుడికీ రక్షణే.

వారానికి రెండు రోజులు, అనుకున్న టైముకు ఫోన్ రావాలి. నైరోబీ మనకన్నా రెండున్నర గంటలు వెనక, పోర్ట్ మోర్స్‌బీ నాలుగున్నర గంటలు ముందు. ఇది గోడ మీద రాసి పెట్టుకోకపోతే అర్ధరాత్రి కంగారు తప్పదు. ఫోన్ రాకపోతే రెండు గంటలకు జోడీకి, ఆరు గంటలకు అక్కడి సంఘ పెద్దకు, పన్నెండు గంటలకు ఎంబసీకి మనమే చేయాలి. ఎవరు చేయాలో పేరు రాసుకోండి. పక్కన ఎవరో ఉండి నోరు విప్పలేని పరిస్థితికి ఒక మాట అనుకోండి. "పెద్దమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అంటే ఇబ్బందిలో ఉన్నానని అర్థం. అమ్మకు, బాపుకు కూడా ఈ మాట తెలిసి ఉండాలి, లేకపోతే పెద్దమ్మకు బాగానే ఉందని జవాబిచ్చి పెట్టేస్తారు.

అక్కడి పెద్దలే వేధిస్తే, డబ్బులు లాక్కుంటే, ఆడపిల్లతో తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలి? ఆ సంఘంతో సంబంధం లేని ఒక మనిషి ఉండాలి, అమ్మాయిలకైతే ఆడమనిషి. "సర్దుకుపో బిడ్డా" అనని మనిషిని ఎంచుకోండి. తిరుగు టికెట్‌కు సరిపడా పైసలు పిల్లల చేతిలోనే, వాళ్ల పేరున ఉన్న ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు వేసుకునే కార్డు) ఉండాలి. అడగాల్సిన అవసరం లేకుండా వచ్చేయగలగాలి.

ఫొటోలు

బాప్తిస్మం ఫొటో ఇక్కడి వాట్సాప్ గ్రూపులో పెడితే వంద ఆమెన్‌లు వస్తాయి. అక్కడ ఆ నీళ్లలో నిలబడ్డ మనిషి మొహం పోలీసుకో, ఆయన బంధువులకో చేరుతుంది. మొహాలు, ఊరి పేరు, చర్చి బోర్డు కనిపించే ఫొటో పంపొద్దు. ఫొటో ఫైల్‌లో లొకేషన్ కూడా దాగి ఉంటుంది, కెమెరా సెట్టింగుల్లో ఆపేయండి. కానుకలిచ్చేవాళ్లు ఫొటో అడిగితే సంఘమే కాదనాలి, కుర్రాడి మీదికి తోయొద్దు.

పెద్ద గండం వస్తే

2014 జూన్‌లో అఫ్గానిస్తాన్ హెరాత్ దగ్గర ఫాదర్ అలెక్సిస్ ప్రేమ్‌కుమార్‌ను ఎత్తుకుపోయారు, ఎనిమిది నెలలకు విడిచారు. 2016 మార్చిలో యెమెన్‌లోని ఏడెన్‌లో నలుగురు సిస్టర్లను చంపి, ఫాదర్ టామ్ ఉళున్నాలిల్‌ను తీసుకుపోయారు, ఆయన బయటపడింది 2017 సెప్టెంబర్‌లో. రెండు సార్లూ ప్రభుత్వాల ప్రయత్నాలతోనే విడుదల జరిగింది. కాబట్టి ఫోన్ ఎత్తేది, టీవీవాళ్లతో మాట్లాడేది ఒక్క మనిషే అని ముందే తేల్చుకోండి. డబ్బు అడుగుతూ ఫోన్ వస్తే నంబరు, టైము, మాటలు రాసుకుని విదేశాంగ శాఖకు, పోలీసులకు ఇవ్వాలి. ఇంటివాళ్లు బేరాలాడొద్దు.

తిరిగొచ్చాక

మలేరియా ఇంటికొచ్చాక కూడా బయటపడొచ్చు. ఫాల్సిపేరం ఎక్కువగా మొదటి మూడు నెలల్లో వస్తుంది, వేరే రకాలు ఏడాదికి కూడా లేస్తాయి. జ్వరంతో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోతే చీటీ రాయించేటప్పుడే ఏ దేశం నుంచి, ఏ తేదీన వచ్చారో చెప్పి, డెంగీతోపాటు మలేరియా పరీక్ష కూడా రాయమని అడగాలి. నివారణ మాత్ర ఏది వాడారో ఆ అట్ట చూపించాలి.