కోలుకునే చదువు – 4వ పాఠం: ముగ్గు పెద్దదైతే

కిందటి పాఠంలో నిద్ర, మందు, మూడ్ ఈ మూడింటికీ రోజూ నింపే పట్టిక గీసుకున్నాం. రెండు వారాలైనా నింపి ఉంటే దాన్ని దగ్గర పెట్టుకుని కూర్చోండి. నింపడం కుదరకపోతే కంగారేం లేదు, ఇవాళ మొదలుపెట్టండి. ఈ పాఠంలో సగం పని పాత సంగతులతోనే.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే: మానసిక జబ్బు తిరగబెట్టే ముందు మనలో కనిపించే గుర్తులను పట్టుకుని కాగితం మీద పెట్టడం. నాకున్నది బైపోలార్, అంటే కొన్నాళ్లు హుషారు హద్దు దాటిపోయి (దాన్నే మేనియా అంటారు), కొన్నాళ్లు దిగులు కమ్ముకునే (అది డిప్రెషన్) జబ్బు. కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తాను. స్కిజోఫ్రీనియా ఉన్నా, డిప్రెషన్ మళ్లీ మళ్లీ వస్తున్నా పద్ధతి ఇదే, గుర్తులు మాత్రం వేరు.

మొదటిసారి నేను ఆస్పత్రిలో ఇరవై రోజులున్నాను. డిశ్చార్జి రోజు మందుల చీటీ చేతిలో పెట్టి నెల తర్వాత రమ్మన్నారు. జబ్బు పేరేమిటో నాకూ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. పది నెలలు తిరిగేసరికి మళ్లీ అదే వార్డు. రెండోసారి ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం మా అత్తయ్య చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అన్నారు: "రెండుసార్లూ ముందు నీ ముగ్గు పెద్దదైందమ్మా. నాకప్పుడే ఏదోలా అనిపించింది."

మామూలు రోజుల్లో నేను ఆరింటికి లేచి ఏడు చుక్కల ముగ్గు పెడతాను, సందు చుక్క నాలుగు వచ్చేవరకు. అయిదు నిమిషాల పని. జబ్బు ముదరడానికి ముందు రోజుల్లో మూడున్నరకే లేచి, వీధి లైటు వెలుతురులో ఇరవై ఒక్క చుక్కలు పెట్టి, రంగులు నింపి, ఎదురింటి గేటు దాకా తీసుకెళ్లేదాన్నట. మూడు రోజుల్లో రెండు సంచుల ముగ్గుపిండి అయిపోయిందట. అలసటే లేదు. అందరూ మెచ్చుకున్నారు కూడా. ఇంకో వైపు, దిగులు కమ్ముకునే ముందు కళ్లాపి చల్లి రెండు గీతలు లాగి లోపలికి వచ్చేసేదాన్ని. కొన్నాళ్లకి అదీ ఉండేది కాదు.

ఇంత విలువైన సమాచారం మా ఇంట్లో ఒక మనిషి దగ్గర ఉంది. రెండుసార్లు అడ్మిట్ అయినా ఆవిడని ఒక్కరూ అడగలేదు. ఆవిడకీ అది చెప్పదగ్గ విషయమని తోచలేదు.

ఇంగ్లండ్‌లో 2009లో లండన్ నైరుతి ప్రాంతంలో రికవరీ కాలేజీ అని ఒకటి మొదలైంది, తర్వాత చాలా ఊళ్లలో వచ్చాయి. అక్కడ పాఠాన్ని ఇద్దరు కలిసి తయారు చేస్తారు, ఇద్దరూ కలిసే చెబుతారు. ఒకరు వైద్యం వైపు నుంచి, ఒకరు జబ్బు అనుభవించినవాళ్ల వైపు నుంచి. చేరినవాళ్లని పేషెంటు అనరు, విద్యార్థి అంటారు. ఇంటివాళ్లు కూడా విద్యార్థులుగా చేరొచ్చు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా అత్తయ్యే. అలాంటి క్లాసులో ఆవిడకి ఒక కుర్చీ ఉండేది.

గుర్తులు నేర్చుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా అంటే, 1999లో మాంచెస్టర్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. బైపోలార్ ఉన్న 69 మందిలో కొందరికి మామూలు వైద్యంతో పాటు 7 నుంచి 12 సిట్టింగుల్లో ఈ పనే నేర్పారు: సొంత గుర్తులు పట్టుకోవడం, కనిపించగానే డాక్టరు దగ్గరికి వెళ్లడం. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో నాలుగో వంతు మందికి 17 వారాల్లోపే మేనియా తిరగబెట్టింది. నేర్చుకున్నవాళ్లలో అంతమందికి తిరగబెట్టడానికి 65 వారాలు పట్టింది. కానీ డిప్రెషన్ విషయంలో అలాంటి తేడా రాలేదు. అందుకే ఈ పాఠం ఎక్కువగా మేనియా గురించే. దిగులు మెల్లగా, చప్పుడు లేకుండా వస్తుంది. దానికి విడిగా ఆరో పాఠం పెట్టాను.

ఇక పని. నోటుబుక్కులో కొత్త పేజీ తీయండి. కిందటిసారి జబ్బు బాగా ముదిరిన రోజు, లేదా ఆస్పత్రికి వెళ్లిన రోజు పేజీ అడుగున రాయండి. అక్కడి నుంచి వెనక్కి నడవాలి. మూడు రోజుల ముందు, వారం ముందు, రెండు వారాల ముందు, నెల ముందు ఏం చేశారు? ఉత్తినే కూర్చుని ఆలోచిస్తే ఏమీ గుర్తురాదు. పండగో, జీతం వచ్చిన రోజో, ఎవరి పెళ్లో పట్టుకుని దాని చుట్టూ వెతకండి. మీ ఫోన్ మీకంటే నిజం చెబుతుంది. ఫోన్‌పేలో పాత చెల్లింపులు తీసి టైము చూడండి. నా దాంట్లో రాత్రి రెండింటికీ రెండుంపావుకీ మధ్య మూడు చీరలు కొన్నట్టు ఉంది. వాట్సాప్‌లో తెల్లవారుజామున ఎన్ని మెసేజిలు పెట్టారో, ఎంత పొడుగువి పెట్టారో చూడండి. సిగ్గుగా ఉంటుంది, తెలుసు. ఒక్కరోజులో అంతా తవ్వొద్దు. మనసు బరువెక్కితే పుస్తకం మూసి రేపు తీయండి.

తర్వాత ఇంట్లో ఒకరిని, లేదా దగ్గరి స్నేహితులని ఒకే ప్రశ్న అడగండి: "నాకు బాగోలేదని అందరికీ తెలియకముందు, నువ్వు మొదట గమనించింది ఏంటి?" వాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మధ్యలో "అలా ఏం లేదు" అనకండి. నాకు ఇది చాలా కష్టమైంది. మా ఆయన "నువ్వు నా మాట పూర్తి కానివ్వవు" అన్నప్పుడు ఆ మాట కూడా పూర్తి కానివ్వలేదు నేను.

ఇప్పుడు మీ దగ్గర పది పదిహేను వాక్యాలు ఉంటాయి. వాటిలో కంటికి కనిపించేవి, లెక్కపెట్టగలిగేవి ఉంచుకోండి. "టెన్షన్‌గా ఉంటుంది" పనికిరాదు, ఎందుకంటే టెన్షన్ అందరికీ ఉంటుంది. దాన్నే విడదీస్తే "గేటు తాళం మూడుసార్లు చూసొస్తాను" అని తేలుతుంది. అది గుర్తు. "హుషారు ఎక్కువవుతుంది" అన్నది "నాలుగు గంటలే పడుకున్నా మధ్యాహ్నం కునుకు రాదు" అవుతుంది. చివరి రోజుల్లో జరిగినవాటిని, అంటే అరుపులు, గొడవలు, ఇల్లు వదిలి వెళ్లిపోవడం లాంటివాటిని ఇంకో పేజీలోకి మార్చండి. అప్పటికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. అమెరికాలోని వెర్మాంట్‌లో 1997లో మేరీ ఎలెన్ కోప్‌లాండ్, జబ్బు అనుభవించిన ఇంకొందరు కూర్చుని తయారు చేసుకున్న ర్యాప్ (వెల్‌నెస్ రికవరీ యాక్షన్ ప్లాన్) అనే కోలుకునే ప్రణాళికలో కూడా తొలి గుర్తులకి ఒక భాగం, పరిస్థితి చెయ్యి దాటుతున్నప్పటికి వేరే భాగం ఉంటాయి. మనకి ఈ వారం కావలసింది తొలి గుర్తులే. నాలుగైదు చాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. మొదటి ఏడాది ధనుర్మాసం రాగానే మా ఇంట్లో అందరికీ గుండె దడ. వీధంతా పెద్ద ముగ్గులే, నేనూ గొబ్బెమ్మలు పెట్టి పెద్ద ముగ్గే వేశాను. మా ఆయన మొహం పాలిపోయింది. నాకు జబ్బు లేదు, పండగ వచ్చిందంతే! అప్పుడు నేర్చుకున్నాం, ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకూడదని. ముగ్గు పెద్దదైతే పట్టికలో నిద్ర చూస్తాం. నిద్ర మామూలుగా ఉంటే అది సంతోషం. వరుసగా రెండు రాత్రులు అయిదు గంటల లోపు పడుకుని కూడా నేను అలసిపోకపోతే, మూడో రోజు డాక్టరుకి ఫోన్ చేస్తాం. ఈ లెక్క నాది. మీ లెక్క మీ పట్టిక చూసుకుని, మీ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. మందు డోసు సొంతంగా పెంచడం, తగ్గించడం మాత్రం వద్దు.

ఇంటివాళ్లతో ఒప్పందం కూడా ఈ వారమే రాసుకోవాలి. కాస్త గట్టిగా నవ్వితే చాలు "మందు వేసుకున్నావా?" అని అడిగే ఇంట్లో బతకడం ఎంత నరకమో చాలామందికి తెలుసు. కోపమొస్తే అది జబ్బు, ఏడిస్తే అది జబ్బు. గుర్తుల కాగితం ఇంకో కాపలా కాకూడదు. అందుకే ఎవరు చెప్పాలో, ఏ మాటతో చెప్పాలో మనమే రాసివ్వాలి. మా ఇంట్లో ఆ హక్కు అత్తయ్యకి ఇచ్చాను. ఆవిడ అడగాల్సిన మాట కూడా నేనే చెప్పాను: "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అంతే. ఆ మాట వింటే నేను వాదించకుండా పట్టిక తెచ్చి చూపించాలి. కాగితంలో లేని విషయానికి ఎవరూ జబ్బు ఊసెత్తకూడదు. అందరం సంతకాలు పెట్టి బియ్యం డబ్బా మూత లోపలి వైపు అతికించాం, చుట్టాల కంట పడకుండా.

ఈ కాగితం బాగున్నప్పుడే రాయాలి. ఇప్పుడు మీకు బాగోలేకపోతే, చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే, పాఠం పక్కన పెట్టి ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లకీ చెప్పండి.

వచ్చే పాఠంలో ఒక్కో గుర్తు ఎదురుగా ఏం చేయాలో రాస్తాం: డాక్టరు ఫోన్ నంబరు, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలి, ఆఫీసులో ఏం చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మనకి ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఉంది, దాని సంగతీ చూద్దాం. అప్పటికి మీ నాలుగైదు గుర్తులు, వాటికి సాక్షిగా ఇంట్లో ఒకరి పేరు ఆ పేజీలో ఉండాలి.