పాత ఫొటోలో ఇంజిన్‌ని గుర్తుపట్టడం – 3వ పాఠం: వీధుల మీద నడిచిన ఆవిరి రైళ్లు

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. ఒక ఫొటోలోని ఇంజిన్‌కి ముందు చిన్న చక్రాలు, ఆవిరి తిప్పే డ్రైవింగ్ చక్రాలు, వెనక చిన్న చక్రాలు ఎన్నున్నాయో ఆ వరసలో మూడు అంకెల్లో రాయమన్నాను. జవాబు 4-4-0. ఫొటోలో మనకి ఇంజిన్ ఒక పక్కే కనిపిస్తుంది, ముందు రెండు చిన్న చక్రాలు, వాటి వెనక రెండు పెద్ద డ్రైవింగ్ చక్రాలు, ఆ తర్వాత ఏమీ లేవు. అవతలి పక్కవి కూడా లెక్కలో వేసుకుంటే నాలుగు, నాలుగు, సున్నా. 2-2-0 అని రాసినవాళ్లు ఉంటే రెట్టింపు చేయడం మర్చిపోయారన్నమాట. ఇంకో చిన్న సంగతి, ఇలా అంకెల్లో రాసే పద్ధతి ఫ్రెడరిక్ వైట్ అనే ఇంజినీరు పేరు మీద 1900 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. అంతకన్నా పాత ఫొటో కింద చేతిరాతతో 4-4-0 అని ఉంటే ఆ రాత ఫొటో తీసిన నాటిది కాదని అనుకోవచ్చు.

ఈసారి కాస్త వింత ఇంజిన్లు. ఊరి మధ్యలో, షాపుల ముందు, రెండో అంతస్తు కిటికీల ఎత్తులో ఇనప స్తంభాల మీద పరిగెత్తినవి. వీటి విషయంలో నేను చెప్పేది ఒక్కటే: ఇంజిన్‌ని ఆఖర్న చూడండి, ముందు దాని కింద ఉన్న వంతెనని చూడండి. మెయిన్ లైన్ ఇంజిన్లకి ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ కింద ఉన్నది నేల, ఎంత బరువైనా మోస్తుంది. ఇక్కడ మాత్రం సన్నటి ఇనప స్తంభాలు, వాటి మీద గర్డర్లు, కింద గుర్రపు బళ్లు, మనుషులు. ఇంజిన్‌లో మీకు కనిపించే ప్రతి వింతకీ కారణం ఆ కిందే దొరుకుతుంది.

న్యూయార్క్ నుంచి మొదలుపెడదాం. ఛార్లెస్ హార్వీ అనే ఆయన గ్రీనిచ్ స్ట్రీట్‌లో కాలిబాట అంచున వరసగా ఒంటి స్తంభాలు పాతి, వాటి నెత్తిన ఒక్క ట్రాక్ వేశాడు. చిన్న బండి మీద తనే కూర్చుని ఆ పట్టాల మీద వెళ్తున్న ఫొటో ఒకటి ఉంది, 1867 నాటిది, ఈ విషయం మీద ఏది వెతికినా అదే మొదట వస్తుంది. అందులో ఇంజిన్ కోసం వెతక్కండి, లేదు. వీధి కింద గదుల్లో ఆవిరి యంత్రాలు పెట్టి, ఇనప తాడుతో బళ్లని లాగించాలని ఆయన ప్లాను. 1868లో కొంత దూరం నడిచింది కానీ తాడుతో ఎప్పుడూ ఏదో ఒక తంటా, చివరికి 1870లో లైను వేలానికి వచ్చింది. కొన్నవాళ్లు 1871లో తాడు తీసేసి చిన్న ఆవిరి ఇంజిన్లు పెట్టారు. వాటికి బాయిలర్ కనిపించకుండా పైన ప్రయాణికుల పెట్టె లాంటి తొడుగు ఉండేది, కింద వీధిలో గుర్రాలు బెదరకూడదని. ఇలాంటివాటిని డమ్మీ అనేవాళ్లు. కాబట్టి మొదటి గుర్తు రాసుకోండి: ఒంటి స్తంభాల వరస, మీద ఒకే ట్రాక్, ముందు ఉన్న పెట్టె కప్పులోంచి పొగగొట్టం పైకి వచ్చి ఉంటే అది 1870ల న్యూయార్క్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

1878లో కథ మారిపోయింది. జూన్‌లో సిక్స్త్ అవెన్యూ లైను, ఆగస్టులో థర్డ్ అవెన్యూ లైను మొదలయ్యాయి. సిక్స్త్ అవెన్యూ లైను వెనక ఉన్న రూఫస్ గిల్బర్ట్ ఒక డాక్టరు, అమెరికా సివిల్ వార్‌లో సైన్యానికి సర్జన్‌గా చేసినవాడు. గాలి ఒత్తిడితో గొట్టాల్లో పెట్టెల్ని తోసే రైలు కట్టాలన్నది ఆయన కల, డబ్బు పెట్టినవాళ్లు చివరికి మామూలు ఆవిరి రైలే కట్టి ఆయన్ని పక్కన పెట్టారు. (డాక్టరుగారి కథ వేరే పాఠానికి సరిపడా ఉంది, ఇక్కడ ఆపేస్తాను.) వంతెన తేడా చూడండి: బవరీ వీధిలో అయితే రెండు ట్రాకులూ విడివిడిగా, ఒక్కోటి ఒక్కో కాలిబాట వైపు, మధ్యలో వీధికి ఆకాశం కనిపిస్తూ ఉంటుంది. ఇంకొన్ని వీధుల్లో అడ్డంగా దూలాలు వేసి వీధి మొత్తం కప్పేశారు. ఫొటోలో వీధి మీద ఎండ ఎక్కడ పడుతోందో చూస్తే ఏ రకం కట్టడమో ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంజిన్. ఇలాంటి వంతెన మీదకి ఇంజిన్ కావాలంటే ఏం కావాలో మీరే ఆలోచించండి. తేలిగ్గా ఉండాలి. వీధి మూల దగ్గర మలుపు చాలా ఇరుకు, న్యూయార్క్‌లో కోయెంటీస్ స్లిప్ అనే చోట అయితే ట్రాక్ పాములా అటు ఒకసారి ఇటు ఒకసారి వంగేది, కాబట్టి పొడుగ్గా బిగుసుకుపోయిన ఇంజిన్ పనికిరాదు. గాల్లో ఇంజిన్‌ని తిప్పే టర్న్‌టేబుల్‌కి చోటెక్కడిది, అందుకని రెండు దిక్కులా ఒకేలా నడవాలి. స్టేషన్లు మరీ దగ్గర దగ్గర, ఆగిన ప్రతిసారీ చక్రం జారకుండా టక్కున కదలాలి. ఇన్నిటికీ జవాబు అప్పటికే తయారుగా ఉంది. మథాయస్ ఫార్నీ అనే అమెరికన్ ఇంజినీరు 1860ల్లోనే ఒక డిజైన్‌కి పేటెంట్ తీసుకుని పెట్టుకున్నాడు. అది ఇన్నేళ్లూ పెద్దగా ఎవరికీ పట్టలేదు, న్యూయార్క్ వంతెనలు రాగానే దాని కోసమే పుట్టినట్టు సరిపోయింది.

ఫార్నీ ఇంజిన్ అంటే 0-4-4. పొగగొట్టం వైపు బాయిలర్ కింద నాలుగు డ్రైవింగ్ చక్రాలు, డ్రైవరు ఉండే క్యాబ్ వెనక బొగ్గు, నీళ్లు, వాటి కింద బోగీ (ఇక్కడ బోగీ అంటే ప్రయాణికుల పెట్టె కాదు, దానంతట అది తిరగగల నాలుగు చిన్న చక్రాల చట్రం). అంతా ఒకే ఫ్రేమ్ మీద ఉంటుంది, బొగ్గూ నీళ్లూ మోసే టెండర్ అనే బండి విడిగా ఉండదు.

ఇందులో అసలు తెలివి ఎక్కడుందో అర్థం చేసుకుంటే మీరు దీన్ని ఇక మర్చిపోరు. రెండో పాఠంలో చెప్పుకున్న ట్యాంక్ ఇంజిన్లలో నీళ్ల ట్యాంకులు బాయిలర్‌కి అటూ ఇటూనో, గుర్రం జీనులా పైననో ఉంటాయి, అంటే నీళ్ల బరువు డ్రైవింగ్ చక్రాల మీదే పడుతుంది. పట్టా మీద చక్రం పట్టు నిలవాలంటే బరువు కావాలి కదా, నీళ్లు ఖర్చవుతున్నకొద్దీ ఆ బరువు తగ్గి, ట్రిప్పు చివరికొచ్చేసరికి చక్రం జారడం మొదలవుతుంది. ఫార్నీ ఆ నీళ్లనీ బొగ్గునీ వెనక బోగీ మీదకి తోసేశాడు. దాంతో ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా డ్రైవింగ్ చక్రాల మీది బరువు దాదాపు అంతే. అడుగడుక్కీ ఆగి కదిలే రైలుకి ఇంతకన్నా ఏం కావాలి? బోగీ దానంతట అది తిరుగుతుంది కాబట్టి మలుపులూ సుఖమే. ఫార్నీ అసలు డిజైన్‌లో రెండో జత డ్రైవింగ్ చక్రాలకి అంచు కూడా తీసేశాడు, ఇరుకు మలుపులో పట్టాని రాసుకోకుండా. ఫొటోలో అది కనిపెట్టడం దాదాపు అసాధ్యం, దాని కోసం కళ్లు పాడుచేసుకోకండి.

ఇక్కడో జాగ్రత్త. పొగగొట్టం ఉన్న వైపే ముందు అని అలవాటుగా అనేసుకుంటాం. ఫార్నీ అయితే బోగీ ముందుండి నడవాలనే గీశాడు, అలా నడిస్తే అదే ఇంజిన్ మన 4-4-0 లాగే పట్టాల మీద నిలకడగా పోతుంది. కాబట్టి రైలు ఎటు వెళ్తోందో పెట్టెలు ఎటువైపు తగిలించి ఉన్నాయో చూసి చెప్పండి, పొగగొట్టాన్ని చూసి కాదు.

పొగ గురించి కూడా రెండు మాటలు. న్యూయార్క్ లైన్లలో ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు కాల్చేవాళ్లు, దానికి పొగ చాలా తక్కువ. ఫొటోలో పొగ లేదు కాబట్టి ఇంజిన్ ఆగి ఉందని తేల్చేయకండి. అలాగని కిందివాళ్లు హాయిగా ఉన్నారనీ కాదు, నూనె చుక్కలు, బూడిద, నిప్పు కణికలు నెత్తిన పడేవని జనం తిట్టుకుంటూనే ఉన్నారు. ఇంటి ముందు వెలుతురూ గాలీ పోయాయని ఆస్తిదారులు కోర్టుకెక్కితే 1882లో స్టోరీ అనే ఆయన కేసులో తీర్పు వాళ్లవైపే వచ్చింది. ఇక ఈ ఇంజిన్ల బ్రేకులు ఈమ్స్ కంపెనీవి, గొట్టాల్లో గాలి తోడేసి పనిచేయించే వ్యాక్యూమ్ బ్రేకులు. మన రైల్వేలో చాలా ఏళ్లు నడిచినవీ ఈ వ్యాక్యూమ్ రకానివే, కాబట్టి మనకి కొత్తేం కాదు.

ఇప్పుడు షికాగో. సౌత్ సైడ్ లైను 1892 జూన్ 6న కాంగ్రెస్ స్ట్రీట్ నుంచి 39వ వీధి దాకా మొదలైంది. వీధి మీద కట్టాలంటే అక్కడి ఆస్తిదారుల సమ్మతి కావాలని ఇల్లినాయి చట్టం, అందుకని కంపెనీ ఇళ్ల వెనక సందుల పక్కన స్థలం కొనుక్కుని అక్కడే కట్టేసింది. అంటే ఫొటోలో షాపుల బోర్డులకి బదులు పెరటి గోడలు, వెనక మెట్లు, ఆరేసిన బట్టలు కనిపిస్తే షికాగో అని అనుమానించండి. రూఢి చేసుకోవడానికి సిలిండర్ల దగ్గరికి, అంటే ఆవిరి చక్రాల్ని తిప్పే బలం పుట్టించే గుండ్రటి గొట్టాల దగ్గరికి రండి. ఇక్కడివి కూడా ఫార్నీ తరహావే, కానీ బాల్డ్విన్ కంపెనీ చేసిన వాక్లేన్ కాంపౌండ్లు. ఒక్కో పక్క ఒక సిలిండర్ ఉండాల్సిన చోట ఒకదాని మీద ఒకటి రెండుంటాయి. ఒకదాంట్లో పనిచేసిన ఆవిరి ఇంకా కాస్త ఒత్తిడి ఉండగానే రెండోదాంట్లోకి వెళ్లి మళ్లీ పనిచేస్తుంది, అందువల్ల బొగ్గు ఆదా, బయటికొచ్చే ఆవిరి చప్పుడూ తక్కువ. ఫొటోలో ఆ జంట గుండ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ లైను ఇంకా ఉంది, ఇప్పుడు గ్రీన్ లైన్. ఇల్లినాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివే మనవాళ్లు 35వ వీధి స్టేషన్లో రైలెక్కేది ఆ 1892 దారి మీదే.

తేదీ తేల్చడానికి తేలికైన గుర్తు మూడో పట్టా, అంటే రైలుకి కరెంటు అందించే పట్టా. సౌత్ సైడ్‌లో 1898లో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజినీరు ప్రతి పెట్టె కిందా కరెంటు మోటార్లు పెట్టి అన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపించాడు, ఇంజిన్ అవసరమే లేకుండా పోయింది. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్‌లో ఆ మార్పు 1902–03లో వచ్చింది. పట్టాల పక్కన మూడోది కనిపిస్తూ పైన ఆవిరి ఇంజిన్ కూడా ఉంటే ఫొటో సరిగ్గా ఆ మార్పు కాలానిది. ఇంగ్లండ్‌లో ఇలాగే ఎత్తు మీద నడిచిన లివర్‌పూల్ ఓవర్‌హెడ్ రైల్వే గురించి అడుగుతారేమో, 1893లో తెరిచిన రోజు నుంచే దాని ప్రయాణికుల రైళ్లు కరెంటువి, మన పాఠంలోకి రాదు.

బెర్లిన్ మాత్రం పోల్చడానికి తప్పకుండా చూడండి. అక్కడి స్టాట్‌బాన్ అనే ఊరి రైలు మార్గం 1882లో తెరిచారు, అదీ ఊరి మధ్యలో ఎత్తు మీదే, కానీ కింద ఉన్నవి ఎక్కువ భాగం ఇటుక కమానులు. నాలుగు ట్రాకులు, అందులో రెండు దూరప్రయాణం రైళ్లకి. మోసేది ఇటుక కాబట్టి పెద్ద మెయిన్ లైన్ ఇంజిన్లే నేరుగా వచ్చేసేవి, 1928 దాకా లోకల్ రైళ్లకీ ఆవిరే. కమానులు కనిపిస్తే ఫార్నీ కోసం వెతకడం మానేయండి.

ఈ వారం అభ్యాసం కొంచెం కష్టమైనది. కరెంటు వచ్చాక మాన్‌హాటన్‌లో 300కి పైగా ఆవిరి ఇంజిన్లు పనిలేకుండా అయ్యాయి, కలప కంపెనీలూ చిన్న చిన్న రైల్వేలూ వాటిని చవగ్గా కొనుక్కున్నాయి. మూడు అలాస్కా దాకా వెళ్లి, నోమ్ దగ్గర సాలొమన్ అనే చోట బంగారం వేటగాళ్ల రైల్వేలో పనిచేసి, ఆ రైల్వే మూతపడ్డాక అక్కడే తుప్పు పట్టిపోయాయి. వాటి ఫొటోలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. ఒకటి తీసుకోండి. ఈసారి కింద వంతెన లేదు, ఊరు లేదు, మూడో పట్టా లేదు. చక్రాలు లెక్కపెట్టండి, బొగ్గూ నీళ్లూ పెట్టే చోటు ఎక్కడుందో చూడండి, సిలిండర్ పక్కకి ఒకటా రెండా చూసి, ఇది షికాగోది కాదు న్యూయార్క్‌ది అని ఎలా చెప్పగలరో నాలుగు వాక్యాల్లో రాసుకోండి. జవాబు 4వ పాఠం మొదట్లో ఇస్తాను.