పాత గేమ్‌బాయ్‌కి లైటు పెడదాం – 3వ పాఠం: వెనక పొర ఒలవడం

పోయిన పాఠంలో గేమ్‌బాయ్ (నింటెండో వాళ్ల చేతి వీడియో గేమ్) వెనక డబ్బా విప్పి, రెండు సగాలనీ కలిపే స్ట్రిప్పు ఊడదీసి, తెర ఉన్న ముందు బోర్డుని బయటికి తీసి పెట్టుకున్నాం. అక్కడిదాకా వచ్చినవాళ్లే ఇది చదవండి. ఈసారి పని ఒక్కటే, తెర వెనక అంటుకునున్న వెండి రంగు పొరని ఒలిచేయాలి. ఈ పాఠాలన్నింట్లో చేశాక వెనక్కి తీసుకోలేని పని ఇదొక్కటే. టంకం తేడాగా పడితే పీల్చేసి మళ్లీ పెట్టుకోవచ్చు, స్క్రూ పోతే ఇంకోటి దొరుకుతుంది, ఈ గాజు పగిలితే మాత్రం ఇంకో గేమ్‌బాయ్‌ని బలిచ్చి దాని తెర పీక్కోవాల్సిందే.

"వెనకాల ఒక ఎల్ఈడీ పెడితే చాలదా అబ్బయ్యా, ఈ ఒలుపుడంతా ఎందుకు?" అని నెల్లూరులో ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఇదే. చాలదు. 1989లో వచ్చిన ఈ మోడల్‌కి సొంత వెలుగంటూ లేదు, మన చుట్టూ ఉన్న వెలుతురే తెరలోకి వెళ్లి, ఆ వెండి పొర మీద పడి, తిరిగి కంటికి వస్తుంది. అందుకే పగలు వరండాలో కూర్చుంటే బ్రహ్మాండంగా కనపడేది, రాత్రి కరెంటు పోయిందంటే ఇక అంతే. పొర అలాగే ఉంచి వెనకాల లైటు పెట్టారనుకోండి, ఆ లైటు పొర దాటి ఇటు రాదు. నింటెండో వాళ్లే 1998లో గేమ్‌బాయ్ లైట్ అని లైటున్న మోడల్ ఒకటి చేశారు కానీ దాన్ని జపాన్ బయట అమ్మలేదు. 2001 నాటి గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి కూడా లైటు లేదు, 2003లో దాని ఎస్పీ మోడల్ వచ్చాకే లైటు అందరికీ అందింది, అదీ మొదట్లో తెర ముందు నుంచి పడే లైటే.

ఇంకో సంగతి తెలిస్తేనే మీరు చేసేది మీకు అర్థమవుతుంది. ఎల్‌సీడీకి ముందొకటి వెనకొకటి పోలరైజర్ ఫిల్ములుంటాయి, పోలరైజర్ అంటే ఒక్క దిక్కున ఊగే వెలుగుని మాత్రమే అవతలికి పోనిచ్చే పొర, ఆ రెండూ ఉంటేనే మనకి బొమ్మ కనపడుతుంది. గేమ్‌బాయ్‌లో వెనక పోలరైజర్, వెండి పొర రెండూ ఒకదానికొకటి అంటుకునుంటాయి కాబట్టి రెండూ కలిసే పోతాయి, దాని బదులు కొత్త పోలరైజర్ మనం పెట్టాలి. కిట్ కొన్నవాళ్లకి లైటు ప్యానెల్‌తోనే, అంటే తెర వెనక పెట్టే ఎల్ఈడీ పలకతోనే వస్తుంది. విడిగా కావాలంటే టీవీ ప్యానెళ్లు బాగుచేసేవాళ్లని అడిగి చూడండి, వాళ్ల దగ్గర కత్తిరించగా మిగిలిన ముక్కలుంటాయి, మనకి కావాల్సింది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ముక్క అంతే.

నేరుగా గేమ్‌బాయ్ మీద బ్లేడు పెట్టకండి. తిరునాళ్లలో కొన్న బ్రిక్ గేమ్ పాతదొకటి చాలా ఇళ్లలో అటక మీద పడుంటుంది, లేదా పనిచేయని కాలిక్యులేటర్. వాటి తెర వెనకా ఇలాంటి పొరే ఉంటుంది. దాని మీద చెయ్యి సాధన చేసి, జిగురు ఎంత మొండిదో, గాజు ఎంత పల్చనిదో చూసుకున్నాకే దీని దగ్గరికి రండి.

ఫ్యాను కింద ఈ పని వద్దు, తడి జిగురు మీద దుమ్ము పడితే రేపు లైటు వేసినప్పుడు ప్రతి నలుసూ చుక్కలా మెరుస్తుంది. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపుకుని కూర్చోమంటే ఒంగోలులో నన్ను కొడతారు, కాబట్టి ఎండాకాలమైతే తెల్లారుజామున పెట్టుకోండి.

తెర కింది అంచునా, ఒక పక్కనా బోర్డుకి అంటుకున్న స్ట్రిప్పులు కనపడతాయి, వాటి జోలికి పోవద్దు. అవి లేని వైపు నుంచి తెరని చాలా కొంచెంగా, బ్లేడు ఆడేంత మాత్రమే లేపాలి. పుస్తకం తెరిచినట్టు తెరిస్తే స్ట్రిప్పు లేచిపోయి బొమ్మలో నిలువు గీతలు మాయమవుతాయి. (ఇదివరకే నిలువు గీతలు పోయిన తెర అయితే, కింది స్ట్రిప్పు మీద సోల్డరింగ్ ఐరన్‌ని సుతారంగా జరిపితే చాలాసార్లు తిరిగొస్తాయి. అడ్డగీతలు పోయినవి అంత తేలిగ్గా రావు.)

ఇప్పుడు కొత్త బ్లేడు. స్ట్రిప్పులకి దూరంగా ఉన్న మూల ఎంచుకుని, బ్లేడుని గాజుకి దాదాపు ఆనించి, పొరకీ గాజుకీ మధ్యలోకి దూర్చండి. మూల గోరంత లేచాక బ్లేడు పక్కన పెట్టేయండి, ఇక దాంతో పని లేదు. లేచిన కొసని ట్వీజర్‌తో పట్టుకుని, పైకి కాదు, వెనక్కి మడిచి దాని మీదుగానే లాగాలి. పైకి లాగితే గాజు కూడా వంగుతుంది, వంగిందా పోయిందే. రెండో చేతి బొటనవేలు గాజు అంచు మీదే ఉండాలి. ఎక్కడైనా మొరాయిస్తే అక్కడ రెండు చుక్కల ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వేసి, కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కోసారి వెండి పొర ఒక్కటే చేతికొచ్చి పోలరైజర్ గాజుకే ఉండిపోతుంది, అప్పుడు ఇదే పని రెండోసారి.

పొర వచ్చేసినా పనసకాయ కోసిన చేతికి అంటినట్టు జిగురు మిగిలిపోతుంది. దూదికి ఐపీఏ అద్ది, నాననిచ్చి, ఒకే దిక్కున తుడవండి, స్ట్రిప్పుల వైపు కారనివ్వద్దు. సెల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ దొరుకుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ముందు పోలరైజర్‌నీ ప్లాస్టిక్‌నీ తినేస్తాయి. కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఎలాగూ ఐపీఏ చేతిలో ఉంది కనక బ్యాటరీ పలకల మీద పచ్చగా పట్టినదాన్ని కూడా తుడిచేయండి.

రెండు సగాలనీ కలిపే స్ట్రిప్పు మళ్లీ తగిలించి, సెల్స్ వేసి ఆన్ చేస్తే తెర గాజు ముక్కలా ఖాళీగా కనపడుతుంది. టెన్షన్ పడకండి, వెనక పోలరైజర్ లేదు కాబట్టి అలాగే ఉంటుంది. కిటికీ వైపు తిప్పి, పోలరైజర్ ముక్క తెర వెనక పెట్టి చూడండి, బొమ్మ వచ్చేస్తుంది. ముక్కని 90 డిగ్రీలు తిప్పితే నలుపు తెలుపు అవుతుంది, తెలుపు నలుపవుతుంది. మామూలుగా కనపడే దిక్కుకి పెన్నుతో మూలన గుర్తు పెట్టుకోండి. కావాలనే తిరగేసి పెట్టి, సిగ్నల్‌ని తిరగేసే 74హెచ్‌సీ04 అనే చిప్పుతో మళ్లీ సరిచేస్తే నలుపు ఇంకా చిక్కగా వస్తుంది, అది చివరి పాఠంలో చూద్దాం.

వచ్చే పాఠంలో ప్యానెల్ దూర్చి వైర్లు కలుపుతాం. అప్పటికి మల్టీమీటర్ ఒకటి సంపాదించండి, ముందు బోర్డులో 5 వోల్టులు ఎక్కడ వస్తున్నాయో కొలవకుండా టంకం పెట్టనివ్వను. మీ ప్యానెల్ మీద రెసిస్టర్ ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఒక్కో తెల్ల ఎల్ఈడీకి ఒక్కో 100 ఓమ్‌ల రెసిస్టర్ తెచ్చుకోండి, 5 వోల్టుల్లో ఎల్ఈడీ దగ్గర దగ్గర 3 తీసుకుంటుంది, మిగతా 2 వోల్టులకి 20 మిల్లీఆంపుల లెక్కన వచ్చేది అదే.