పిల్లలు ఆఫీసుకు వెళ్ళిన రోజున టోక్యోలో అసాకుసా, ఉయెనో చూసి రావడం ఎలా

మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు వైపు నుంచి జపాన్‌లోని పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు చాలామంది శని, ఆదివారాల కోసం ఎదురుచూస్తూ మిగిలిన ఐదు రోజులూ ఇంట్లోనే కూర్చుంటారు. నేనూ నా భార్యా మొదటి పది రోజులు అలాగే గడిపాము. ఆ తరువాత ఒక బుధవారం నాడు, అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకు వెళ్ళాక, మేమిద్దరమే బయలుదేరి రెండు చోట్లు చూసి చీకటి పడకముందే ఇల్లు చేరాము. జపనీస్ భాష ఒక్క ముక్క రాని అరవై దాటినవాళ్ళు కూడా ఈ పని నిబ్బరంగా చేయవచ్చునని మా వైపు పెద్దలకు చెప్పాలన్న కోరికతోనే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి ఉండేది టోక్యో తూర్పు భాగంలో, ఎడొగావా వార్డులోని నిషి కసాయ్‌లో. మన దేశపు ఐటీ ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట కాబట్టి అక్కడి నుంచే దారి చెబుతున్నాను. మీ పిల్లలు వేరే చోట ఉంటే మొదటి రైలు మారుతుంది గానీ పద్ధతి ఇదే.

ముందు రోజు రాత్రే రెండు పనులు చేయించుకోవాలి. మొదటిది, ఇంటి చిరునామానూ పిల్లల ఫోన్ నంబరునూ జపనీస్ లిపిలో ఒక కాగితం మీద రాయించి జేబులో పెట్టుకోవడం. దారి తప్పితే ఆ కాగితాన్ని వీధి మూలల్లో ఉండే చిన్న పోలీసు గదిలో చూపిస్తే చాలు. దాన్ని కోబన్ అంటారు. రెండవది, రైలు చార్జీ కట్టే సుయికా లేదా పాస్మో కార్డు ఇద్దరికీ వేర్వేరుగా తీసుకుని నగదుతో డబ్బు వేయించుకోవడం. ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటడానికి వీలులేదు. పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గర ఉండాలన్నది అక్కడ విదేశీ సందర్శకులకు చట్టం, కాబట్టి దాన్ని ఇంట్లో వదలకూడదు.

భోజనం ఇంటి నుంచే తీసుకువెళ్ళడం మేలు. శాకాహారులకైతే ఇది తప్పనిసరి అంటాను, ఎందుకంటే చూడడానికి కూరగాయలతోనే చేసినట్టు కనిపించే చారులోనూ సాధారణంగా ఎండు చేప రసం కలిసి ఉంటుంది. మేము పులిహోర, జొన్నరొట్టె, పల్లికారం కట్టుకుని వెళ్ళాము. వీధుల్లో చెత్తబుట్టలు చాలా అరుదు కాబట్టి ఖాళీ కవరొకటి వెంట ఉంచుకుని, చెత్తను అందులోనే వేసి ఇంటికి తెచ్చుకోవాలి. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు కనుక ఒక సీసా సరిపోతుంది.

ఉదయం తొమ్మిదిన్నర దాటాకే బయలుదేరాలి. నిషి కసాయ్ మీదుగా వెళ్ళే తోజాయ్ లైను ఆఫీసు వేళల్లో దేశంలోనే బాగా కిక్కిరిసే లైన్లలో ఒకటి. స్టేషన్ల పేర్లు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, ప్రతి స్టేషన్‌కూ ఒక అక్షరమూ ఒక అంకె ఉంటాయి. నిషి కసాయ్ టీ 16. అక్కడ లేత నీలం గీత రైలెక్కి, అంకెలు తగ్గుతూ పోగా టీ 10 దగ్గర, అంటే నిహోంబాషిలో దిగాలి. బయటికి రాకుండా నారింజ రంగు గుర్తులను పట్టుకుని నడిస్తే గింజా లైను వస్తుంది. అక్కడ మీరున్నది జీ 11, వెళ్ళవలసింది చివరి స్టేషన్ జీ 19, అసాకుసా. 1927లో నడవడం మొదలైన ఈ లైను ఆ దేశంలోని మొదటి భూగర్భ రైలు. రైల్లో ఫోన్ మాట్లాడరు, మనమూ మాట్లాడకూడదు. మెట్లు ఎక్కలేనివారు లిఫ్టు బొమ్మ ఉన్న బాణాన్ని వెతుక్కోవాలి. చుట్టుదారి అయినా మోకాళ్ళకు అదే మంచిది.

అసాకుసాలో చూడవలసింది సెన్సోజి అనే బౌద్ధ గుడి. క్రీ.శ. 628లో సుమిదా నదిలో చేపలు పడుతున్న ఇద్దరు అన్నదమ్ముల వలలో కన్నోన్ అనే బోధిసత్వుని విగ్రహం పడిందని, ఈ గుడికి అదే మొదలని స్థలపురాణం. వీధి మొగదల ఉన్న కమినారిమోన్ ద్వారానికి ఒక పెద్ద ఎర్ర లాంతరు వేలాడుతుంది. అందరూ దూరం నుంచి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు మాత్రం సరిగ్గా దాని కిందికి వెళ్ళి తల ఎత్తి చూడండి. అడుగున గుండ్రటి చెక్క మీద చెక్కిన డ్రాగన్ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. నా భార్య దాన్ని చూసి అచ్చం మన నాగబంధమే అన్నది.

అక్కడి నుంచి నకామిసె అనే అంగళ్ళ వీధి పావు కిలోమీటరు దూరం సాగుతుంది. కమినారి ఒకోషి అనే మిఠాయి మన మరమరాల ఉండకు చుట్టమే. అయితే కొన్నది నడుస్తూ తినడం అక్కడ మర్యాద కాదు. అంగడి ముందే నిలబడి తిని కదలాలి.

ప్రధాన మందిరం ముందు పెద్ద ధూపపాత్ర ఉంటుంది. మనం హారతిని కళ్ళకద్దుకున్నట్టే అక్కడివారు ఆ పొగను చేతులతో తల మీదికి, నొప్పి ఉన్న చోటికి తీసుకుంటారు. లోపల మూలవిరాట్టు కోసం వెతకకండి, ఆ విగ్రహాన్ని ఎవరికీ చూపరు. నాణెం వేసి, చేతులు జోడించి, మౌనంగా దండం పెట్టుకోవాలి. చప్పట్లు కొట్టడం ఇక్కడి పద్ధతి కాదు. అది పక్కనే ఉన్న అసాకుసా జింజాలో, అంటే జపాన్ సొంత మతమైన షింతో మందిరంలో చేయాలి: రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి.

నల్లగొండ వాళ్ళకు ఈ గుడి పరాయిది కాదని నా గట్టి నమ్మకం. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. మన నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధులు ఎనిమిది సంప్రదాయాలకు మూలపురుషుడిగా కొలుస్తారు. వాళ్ళు ఆయనను ర్యూజు అంటారు. ర్యూ అంటే నాగం, జు అంటే చెట్టు; అర్జునమంటే మద్దిచెట్టు కదా! సాగర్ నీళ్ళ పక్కన పెరిగిన నాకు ఆ పేరు అంత దూరంలో వినబడడం ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను.

పన్నెండున్నరకు తిరిగి గింజా లైనెక్కి మూడో స్టేషన్ ఉయెనోలో, జీ 16లో దిగి, పార్కు బెంచీ మీద సద్ది విప్పుకోవచ్చు. పార్కులోని షినోబజు చెరువు నడుమ ఉన్న బెంతెన్‌దో తప్పక చూడాలి. అక్కడి బెంజాయ్‌తెన్ మన సరస్వతీ దేవే. వీణకు బదులు బివా అనే తంత్రీ వాద్యం ఆమెకు గుర్తు. జులై, ఆగస్టు నెలల్లో చెరువంతా తామరలతో నిండిపోతుంది, కానీ ఆ నెలల ఉక్కపోత పెద్దలకు కష్టం. ఓపిక ఉంటే అదే పార్కులో 1872లో మొదలైన టోక్యో జాతీయ మ్యూజియం ఉంది. సోమవారం సెలవు. డెబ్బై ఏళ్ళు దాటినవారు పాస్‌పోర్టు చూపితే శాశ్వత ప్రదర్శనలకు టికెట్ అక్కరలేదు. కాళ్ళు మొరాయిస్తే దీన్ని వదిలేయండి. ఒక్క రోజులో రెండు చోట్లు చాలు, మూడోదానికి ఆశపడితే మర్నాడు మంచం దిగలేము.

నాలుగింటికల్లా వెనుదిరగాలి. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, ఐదు దాటితే రైళ్ళు నిండిపోతాయి. జీ 16 నుంచి జీ 11, అక్కడ మారి టీ 10 నుంచి టీ 16. జాగ్రత్త పడవలసింది ఇక్కడే. "నాయినా, వచ్చిన రైలల్లా ఎక్కకు, బోర్డు మీద లోకల్ అని ఉందో లేదో చూస్కో" అని మా అమ్మాయి పొద్దున్నే చెప్పినా నేను మరిచిపోయాను. ర్యాపిడ్ రైలు తోయోచో దాకా అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది కాబట్టి అనుమానం రాదు. ఆ తరువాత నిషి కసాయ్‌లో ఆగకుండా నది దాటించి ఉరాయాసులో దింపుతుంది. పొరపాటున ఎక్కామని తెలిస్తే తోయోచోలోనే, అంటే టీ 14లో దిగి, వెనక వచ్చే లోకల్ ఎక్కాలి. మాలాగా ఉరాయాసు దాకా వెళ్ళిపోతే గేటు దాటకుండా అవతలి దిక్కుకు వెళ్ళే లోకల్‌లో రెండు స్టేషన్లు వెనక్కి రావాలి. గేటు దాటి బయటికి పోనంతవరకు ఎక్కిన చోటికీ దిగిన చోటికీ మధ్య చార్జీయే కార్డులో కట్ అవుతుంది.